పెద్దకర్మలో పంచిన నవల

నరసరావుపేటలో నూలు మిల్లు వెనక ఒక కాలనీ ఉంది. అక్కడ రచయితలకు కొదవ లేదు. మనిషి రిటైరయితే చాలు, ఏడాది తిరక్కుండా పుస్తకం దించుతాడు. మిరప తెగుళ్ల మీద వ్యవసాయాధికారి వ్యాసాలు, కాశీ వెళ్లొచ్చినావిడ యాత్రానుభవాలు, ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి దిగిపోయిన జహంగీరు గారి నీతి పద్యాలు, అన్నీ ఆ నాలుగు వీధుల్లో పుట్టినవే. వీళ్లందరికీ కలిపి సాహితీ మిత్రమండలి అని ఒక సంఘం, దానికి జహంగీరు గారు అధ్యక్షుడు. కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా నీళ్ల ట్యాంకు పక్కనున్న కమ్యూనిటీ హాల్లో సభ పెడతారు. ఒకరి పుస్తకం ఒకరు ఆవిష్కరిస్తారు, ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు. మైకు పుచ్చుకున్న ప్రతివాడూ "పుస్తకం ఇంకా చదవలేదు గాని" అని ఎత్తుకుని, రచయిత ఎంత మర్యాదస్తుడో, వాళ్లింట్లో కాఫీ ఎంత బాగుంటుందో చెప్పి కూర్చుంటాడు. ఇంతకీ అందులో ఏం రాశావయ్యా అని అడిగిన పాపాత్ముడు ఇంతవరకూ ఆ హాలు గడప తొక్కలేదు. పెరటి చెట్టు మందుకు రాదని పెద్దవాళ్లు ఊరికే అన్నారా!

అలివేలమ్మకు ఈ తంతంతా తెలుసు. ఆమె కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మండలిలో సభ్యురాలే గాని సభల్లో వెనక కుర్చీ దాటి ముందుకు వచ్చేది కాదు. అలాంటి మనిషి నవల రాసిందంటే శాలువా కోసం కాదు. కాలనీ అంతా చదవకపోయినా ఆమెకు బాధ లేదు. ఒక్క మనిషి చదవాలి. ఆ మనిషి పక్క వీధిలోనే ఉంది. పేరు రేవతి, అలివేలమ్మ అక్క కూతురు.

అక్క పేరు సామ్రాజ్యం. పేరే సామ్రాజ్యం, కాలు చాపుకోను సొంత చోటు లేకుండానే పోయింది పాపం. వాళ్లది రొంపిచెర్ల పక్కన పల్లె. ఊళ్లోనే, పడమటి బజారులో, పెద్ద కుటుంబంలోకి ఇచ్చారు. మొగుడు చెయ్యి చేసుకునే రకం. ఒకసారి వీపు వాచి పుట్టింటికి వచ్చింది, సర్దిచెప్పి పంపారు. ఇంకోసారి వచ్చింది, పంపారు. ఆ తర్వాత మాటలు నేర్వని పిల్లని చంకనేసుకుని వచ్చి, ఇంక పోనని గుంజ పట్టుకుని కూర్చుంది. అప్పుడే వాళ్లన్న త్రికోటేశ్వరరావు సర్పంచిగా నిలబడి ఉన్నాడు. పడమటి బజారు ఓట్లన్నీ బావమరిది ఇంటి చేతిలో ఉన్నాయి. అన్న బతిమాలాడు, తిట్టాడు, చివరికి పొద్దుగూకే వేళ చెల్లెలి రెక్క పుచ్చుకుని బజారు వెంట నడిపించుకుపోయి ఆ గడపలో దిగబెట్టి వచ్చాడు. అరుగుల మీద కూర్చున్న జనమంతా చూశారు. పిల్లని మాత్రం అలివేలు ఇవ్వలేదు, తన పక్కలోనే పడుకోబెట్టుకుంది.

తెల్లారి సామ్రాజ్యం పత్తికి కొట్టే మందు తాగి చచ్చిపోయింది. కడుపునొప్పి తాళలేక అని రాయించారు. ఆ రోజుల్లో ఆడవాళ్ల చావులన్నింటికీ సరిపోయే నొప్పి అది! ఓట్లు పడ్డాయి, అన్న గెలిచాడు. సామ్రాజ్యం మొగుడు మళ్లీ పెళ్లి చేసుకుని పిల్ల మొహం చూడలేదు. త్రికోటేశ్వరరావే రేవతిని సాకాడు, చదివించాడు, పెద్దయ్యాక తన కొడుక్కే చేసుకుని కాపురం నరసరావుపేటకు మార్చాడు. ఇప్పుడు ఆ ఇంటి తాళాలన్నీ రేవతి నడుముకే ఉంటాయి. మామయ్య అంటే ఆమెకు దేవుడు. వాళ్లమ్మ కడుపునొప్పితో పోయిందని నమ్మి, తన కడుపులో కాస్త మెలిపెట్టినా భయపడి డాక్టరు దగ్గరికి పరిగెడుతుంది. అది చూసినప్పుడల్లా అలివేలమ్మ మొహం పక్కకు తిప్పుకునేది.

మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా అంటారేమో. ఎట్లా చెబుతుంది? అక్క పోయిన రోజే తల్లి వీరరాఘవమ్మ అలివేలు చెయ్యి పట్టుకుని పసిదాని నెత్తిన పెట్టించింది. "నోరు తెరిచి దీనికి చెప్పావో, దీన్ని నువ్వే చంపుకున్నట్టు. ఒట్టెయ్యి," అంది. ఇంటి గుట్టు లంకకు చేటని ఆ తల్లి భయం. అలివేలు ఒట్టేసింది. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ దిష్టినీ శకునాన్నీ నమ్మని మనిషి, ఆ ఒక్క ఒట్టును మాత్రం దాటలేకపోయింది. ఏం, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పడానికి ఎవరికి చేతులొస్తాయి? రిటైరయ్యాక మండలిలో వీళ్ల పుస్తకాలూ వాళ్ల పుస్తకాలూ చూస్తుంటే ఆమెకు తట్టింది. నోటితో చెప్పనన్నాను గాని రాయనని అనలేదు కదా అనుకుంది.

రాసింది. ఏళ్లు పట్టింది. జహంగీరు గారు మొదటి పేజీలు నాలుగు తిరగేసి అదిరిపోయాడు. మీ అన్నగారు పలుకుబడి ఉన్న మనిషి, రేపు పరువు నష్టం కేసు వేస్తే మీకూ మండలికీ కోర్టు చుట్టూ తిరగటమే పని అవుతుంది, ఊరూ పేర్లూ మార్చి తీరాలమ్మా అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. భయం మాత్రం ఆమెది. పేర్లతో మొదలుపెట్టింది గాని ఆగలేకపోయింది. సామ్రాజ్యం వసంత అయింది. రొంపిచెర్ల పక్క పల్లె కృష్ణ అవతలికి పోయింది. ఎన్నికలు కాలవ కాంట్రాక్టుగా మారాయి. పురుగుమందు పోయి వసంత కాలవలో దూకింది. చంకలో ఆడపిల్ల మగపిల్లాడయ్యాడు. ఒక్కొక్క మార్పూ చేస్తున్నప్పుడు అక్క రెక్క పట్టుకుని తనే ఆ బజారు వెంట నడిపిస్తున్నట్టు అనిపించేది. ఏడ్చేది. అయినా మార్చేది.

ఒక్కటి మాత్రం మార్చలేదు. సామ్రాజ్యం పడుకునేటప్పుడు పిల్ల ఎటైనా పాకిపోతుందని తన కొంగు చివర దాని కాలికి కట్టుకుని పడుకునేది. చిన్నప్పుడు అమ్మ గురించి చెప్పమని రేవతి మారాం చేస్తే అలివేలమ్మ ఎన్నోసార్లు ఈ సంగతే చెప్పింది. వాళ్లమ్మ గురించి ఆ పిల్లకు తెలిసినదల్లా అదొక్కటే. నవల చివర, వసంతను లాక్కుపోయే ముందు కొంగు ఊడదీసే ఘట్టం ఉన్నదున్నట్టు రాసింది. అది చదివితే చాలు, ఇది మా అమ్మ కథేనని రేవతికి తెలిసిపోతుందని ఆమె నమ్మకం.

పుస్తకం ప్రెస్సులో ఉండగా వీరరాఘవమ్మ పోయింది. పండుటాకు, రాలింది. ఒట్టు తీసేసే మనిషి కూడా ఇక లేకుండా పోయింది. ఏడుపులు సద్దుమణిగాక త్రికోటేశ్వరరావు చెల్లెల్ని పిలిచాడు. పెద్దకర్మకు వచ్చినవాళ్లకు ఏదైనా పంచాలి కదా. ఈ చుట్టుపక్కల స్తోమత ఉన్నవాళ్లు పోయినవాళ్ల ఫోటో వేయించి గీతో, సహస్రనామమో పంచుతారు.

"ఏమే అలివేలూ, నీ పుస్తకం అచ్చవుతందంట కదా," అన్నాడు. "గీతలు అందరిళ్లల్లో ఉన్నయ్యి. అమ్మ ఫోటో వేయించి నీదే పంచుదాం. మన ఇంటి పుస్తకం."

"నువ్వు చదివావా అన్నయ్యా?"

"చదివేదేముందే. నువ్వు రాసింది చెడ్డగా ఉంటదా?"

తనకు కలిగింది భయమో సంతోషమో అలివేలమ్మకే తెలియలేదు. దేవుడనేవాడు ఉన్నాడనిపించింది. అక్క ఉసురు ఊరికే పోతుందా! చేసినవాడే తన చేత్తో ఇంటింటికీ పంచబోతున్నాడు. సరేనంది. జహంగీరు గారు ఈ మాట విని గుటకలు మింగాడు గాని, పుస్తకాల కట్టలన్నీ ఒక్క దెబ్బకు కదులుతున్నాయని సంతోషించి ఊరుకున్నాడు. త్రికోటేశ్వరరావు చెప్పినట్టే అట్ట పసుపు రంగులో వేశారు. మొదటి పేజీలో దండ వేసిన వీరరాఘవమ్మ ఫోటో, కింద జననం, మరణం, జ్ఞాపకార్థం సమర్పించిన కొడుకు పేరు.

పెద్దకర్మ రోజు వినుకొండ రోడ్డులో కల్యాణమండపం కిటకిటలాడింది. రాజకీయాల వాళ్లూ, పొలాల వాళ్లూ, కాలనీ వాళ్లూ, రెంటచింతల నుంచి వియ్యంకుల తరఫు వాళ్లూ వచ్చారు. భోజనాలు చేసి వెళ్లేవాళ్ల చేతుల్లో గుమ్మం దగ్గర త్రికోటేశ్వరరావు స్వయంగా పుస్తకం పెడుతున్నాడు. అలివేలమ్మ పక్కన నిలబడి ఒక్కొక్క మొహాన్నీ చూసింది. ప్రతివాళ్లూ రెండు చేతులా అందుకున్నారు. కళ్లకద్దుకున్నారు. మొదటి పేజీ తీసి ఫోటోకు దణ్ణం పెట్టుకున్నారు. మూసి సంచిలో వేసుకున్నారు. రెండో పేజీ తిప్పిన మనిషి లేడు.

ఇంటికెళ్లి తిప్పుతారులే అనుకుంది. వారం చూసింది. పది రోజులు చూసింది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. వీధి చివర అన్న కారు కనపడితే గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఏ తుఫానూ రాలేదు. ఎదురింటి మెహ్జబీన్ అందరిలా తనూ ఒకటి తెచ్చుకుని, పెద్దావిడ ఫోటో ఉంది కదాని బట్టలో చుట్టి బీరువా మీద పెట్టింది. పాలు తెచ్చే అతని భార్య చావు పుస్తకం ఇంట్లో ఉంచకూడదని గుళ్లో ఆంజనేయస్వామి దగ్గర వదిలి వచ్చింది. నకరికల్లు నుంచి వరసకు అత్త అయ్యే ఆవిడ ఫోన్ చేసి, పారాయణ ఏ వారం మొదలుపెట్టాలో, ఉపవాసం ఉండాలో అక్కర్లేదో కనుక్కుంది. అది నవల అత్తా, పారాయణ చేసేది కాదు అంటే, ఏదైతేనేం లేమ్మా, శుక్రవారం మొదలుపెడతా అంది. ఆ శుక్రవారం కూడా దాటిపోయింది. ఆవిడ పుస్తకానికి పసుపు రాసి బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టిందని తర్వాత తెలిసింది.

ఇంతలో మండలి సభ వచ్చింది. కాలనీలో ఏ రచయిత పుస్తకమూ ఇన్ని గడపలు తొక్కలేదని జహంగీరు గారు మైకులో పొంగిపోయి శాలువా కప్పాడు. మిరప తెగుళ్ల ఆయన లేచి, పుస్తకం ఇంకా చదవలేదు గాని, అన్నాడు. అలివేలమ్మ ఆ శాలువా కప్పుకునే ఇంటికి వచ్చి, మంచం మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. అక్క చావును ఊరందరికీ పంచిపెట్టింది. ఊరందరూ కళ్లకద్దుకుని మూసిపెట్టారు. కేసు పడినా బాగుండేది. అన్న వచ్చి చెంప పగలగొట్టినా బాగుండేది. తిట్టడానికైనా ఒకరు చదివి ఉండేవారు.

ఇక ఆశ వదులుకుని, పొద్దున్నే వాకిట్లో ముగ్గు కూడా పెట్టబుద్ధి కాక కూర్చున్న రోజున రేవతి ఫోన్ చేసింది.

"పిన్నీ, నీ పుస్తకం చదివా. మొత్తం చదివా. మధ్యాన్నం అన్నానికి రా, నీతో మాట్లాడాలి."

గొంతు బొంగురుగా ఉంది, ఏడ్చిన గొంతు. తెలిసిపోయింది. నా బంగారు తల్లికి తెలిసిపోయింది! తనను తిడుతుందా, ఇన్నేళ్లూ ఎందుకు దాచావని నిలదీస్తుందా, మామయ్య ఇంట్లో నుంచి ఇప్పుడే నడిచి వచ్చేస్తుందా? వస్తే రానీ. రెండు గదులున్నాయి, పెన్షనుంది. పోయేటప్పుడు పక్కగదిలో మంచం మీద దుప్పటి మార్చి మరీ బయల్దేరింది.

రేవతి వంటింట్లో ఉంది. పిన్నిని చూడగానే చేతులు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి. అమ్మమ్మ ఫోటో ఉన్న పుస్తకాన్ని మంచం మీద పడుకుని చదవటానికి మనసొప్పక, రోజూ స్నానం చేసి పీట మీద కూర్చుని చదివిందట. అందుకే ఇన్నాళ్లు పట్టిందట. వసంత కాలవ గట్టు మీద చెప్పులు విడిచిన పేజీ దగ్గర పుస్తకం మూసేసి, ఆ రోజు ఇంక అన్నం తినలేకపోయిందట. అలివేలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఒక్క మాట కోసం చూస్తోంది.

"ఆ కొంగు కాలికి కట్టుకోవటం మా అమ్మదే కదూ పిన్నీ?" అంది రేవతి.

అలివేలమ్మ తలూపింది.

"చూడగానే గుర్తుపట్టా. మా అమ్మని ఎక్కడో ఒకచోట పెట్టావు చూడు, చానా సంతోషమేసింది." కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఆ వసంత కథ చదివినాక ఒకటే అనుకున్నా పిన్నీ. మా అమ్మ నయం. నొప్పితో పోయింది గాని అట్టా సొంతవాళ్లు గెంటేస్తే పోలా. మామయ్య లాంటి అన్న ఉన్నాడు మా అమ్మకి."

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. రేవతి లేచి స్టవ్వు తగ్గించి వచ్చింది. అలివేలమ్మ కూర్చున్న చోటే కూర్చుని ఉంది. చెప్పు, ఇప్పుడు చెప్పు, అని లోపల ఏదో అరుస్తోంది. అమ్మ పోయింది, ఒట్టు పెట్టిన మనిషే లేదు, ఇదిగో పిల్ల ఎదురుగా ఉంది, ఒక్క ముక్క చాలు. ఇంతలో రేవతే మళ్లీ అడిగింది.

"ఆ పిల్లాడేమయ్యాడు పిన్నీ? పుస్తకంలో రాయలా నువ్వు. నాకు రాత్రంతా వాడి మీదే ఉంది మనసు."

"వాళ్ల మేనమామే పెంచాడు," అంది అలివేలమ్మ ఎట్లాగో.

"పంపించినాయనేనా?"

"ఆయనే."

రేవతి చీర కుచ్చిళ్ల మీద పడ్డ కరివేపాకు రెబ్బను తీసి పక్కన పెట్టింది.

"పెంచాడు కదా, పోనీలే. అయితే వాడికి మాత్రం ఎవరూ చెప్పకుండా ఉంటే బాగుండు," అంది. "ఎవరన్నా పుణ్యాత్ములు చెబుతారు చూడు, నిజం తెలియాలని. వాళ్లకి తోచుబడి కాక. తెలిసి వాడేం చేసుకుంటాడు పిన్నీ? పోయిన తల్లి రాదు. ఉన్న ఇల్లు పోద్ది. తెలిసినాక ఆ ఇంట్లో వాడికి ముద్ద ఎట్టా దిగుద్ది?"

అలివేలమ్మ ఆమె మొహంలోకి చూసింది. అదే నుదురు, అదే గడ్డం, సామ్రాజ్యం వచ్చి ఎదురుగా కూర్చుని అంటున్నట్టే ఉంది. ఇన్నేళ్లు రాసింది ఈ ఒక్క మనిషి కోసం. ఈ ఒక్క మనిషీ చదివింది. చదవాల్సినంత బాగా చదివింది, ఏడవాల్సిన చోట ఏడ్చింది, చివరికి తీర్పు కూడా చెప్పింది.

"చెప్పరులే అమ్మా," అంది. "ఎవరూ చెప్పరు."

రేవతి తేలికపడ్డట్టు ఊపిరి పీల్చుకుని పుస్తకం తీసుకుంది. లోపలికి వెళ్లి వీరరాఘవమ్మ ఫోటో ముందు పెట్టి, నిలబడి దణ్ణం పెట్టుకుంది. వాకిట్లో కారు ఆగిన చప్పుడయింది. త్రికోటేశ్వరరావు వచ్చి, చెల్లెల్ని చూసి, ఎండన పడి ఎందుకొచ్చావే, ఫోన్ చేస్తే కారు పంపేవాణ్ణి కదా అని కోప్పడ్డాడు. కాళ్లు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. వయసు మీద పడింది, చెయ్యి కొంచెం వణుకుతోంది. మామయ్యకి కారం పడటం లేదని రేవతి విడిగా చేసిన సొరకాయ పప్పు తెచ్చింది.

"రా పిన్నీ, చల్లారిపోద్ది," అని పిలిచింది.

అలివేలమ్మ లేచి వెళ్లి అన్న పక్క కుర్చీలో కూర్చుంది. రేవతి ఇద్దరికీ వడ్డించింది. ముందు పప్పు, తర్వాత వేపుడు, పైన ఇంత నెయ్యి. త్రికోటేశ్వరరావు కలుపుకుంటూ, నీ పుస్తకం గురించి జనం చానా గొప్పగా చెప్పుకుంటన్నారే అన్నాడు. అలివేలమ్మ ఊఁ అంది. తల వంచుకుని, పెట్టింది పెట్టినట్టు అంతా తింది.